కేకులో వేసే క్రీమ్ ఆఫ్ టార్టార్ హలాలేనా? ద్రాక్ష నుంచి డబ్బా దాకా తెలుసుకోవాల్సిన విషయాలు

ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఆడవాళ్లు ఇప్పుడు మన బస్తీల్లో, పట్నాల్లో చాలామంది ఉన్నారు. ఈద్ ముందు ఆర్డర్లు ఎక్కువగా వస్తాయి. సరిగ్గా ఆ హడావిడిలోనే ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తుంది: "ఆపా, కేకులో క్రీమ్ ఆఫ్ టార్టార్ వేస్తారా? అది శరాబ్ నుంచి తీస్తారట కదా!"

డబ్బా మీద చూస్తే పచ్చ చుక్క ఉంది. పొడి తెల్లగా ఉంది, వాసన లేదు, నాలుక మీద వేసుకుంటే కాస్త పులుపు, అంతే. మరి ఆ మాట నిజమా, పుకారా?

పూర్తిగా పుకారు కాదు. అలాగని అందులో శరాబ్ కలిపారని కూడా కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా తెలిస్తే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. మిగతా సగానికి ఉలమాలను అడగాలి. అడిగేటప్పుడు ఏం అడగాలో తెలియాలంటే ముందు ఈ పొడి ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

పేరులో క్రీమ్ ఉంది, పాలు లేవు

క్రీమ్ ఆఫ్ టార్టార్ పాల పదార్థం కాదు. చేపల వేపుడుతో ఇచ్చే టార్టార్ సాస్‌కు దీనికి సంబంధం లేదు. డెంటిస్టు పళ్ల మీద నుంచి గీకి తీసే టార్టార్ కూడా ఇది కాదు.

ఇదొక ఉప్పు. కెమిస్ట్రీలో ఉప్పు అంటే ఒక ఆమ్లం, ఒక క్షారం కలిస్తే వచ్చేది. ఇక్కడ ఆమ్లం టార్టారిక్ ఆమ్లం, క్షారం వైపు నుంచి వచ్చింది పొటాషియం. అసలు పేరు పొటాషియం బైటార్ట్రేట్. పొటాషియం హైడ్రోజన్ టార్ట్రేట్ అన్నా, పొటాషియం యాసిడ్ టార్ట్రేట్ అన్నా ఇదే.

టార్టారిక్ ఆమ్లంలో పొటాషియం వచ్చి కూర్చోవడానికి రెండు చోట్లున్నాయి. ఒక్కటే నిండితే క్రీమ్ ఆఫ్ టార్టార్. రెండోది ఖాళీగా ఉంది కాబట్టే దీనికి ఇంకా పులుపు ఉంటుంది. రెండూ పొటాషియంతో నిండితే డైపొటాషియం టార్ట్రేట్. ఒకచోట పొటాషియం, ఇంకోచోట సోడియం చేరితే రొషెల్ సాల్ట్. ఇవన్నీ ఒకే ఖాందాన్.

పొటాషియంకు కెమిస్ట్రీ పుస్తకంలో 'కె' అనే గుర్తు ఉంటుంది. అది కాలియం అనే పేరులోని మొదటి అక్షరం. ఆ కాలియం అరబీలోని 'అల్-ఖలీ' నుంచి, అంటే మొక్కల బూడిద అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో క్షారాన్ని ఆల్కలీ అనడం కూడా అక్కడిదే.

ద్రాక్షలోనూ ఉంది, చింతపండులోనూ ఉంది

అసలు విషయం ఇక్కడుంది. ఈ ఉప్పును శరాబ్ పుట్టించదు. అది ద్రాక్షపండులోనే ముందు నుంచి ఉంటుంది. చాలా పండ్ల పులుపు సిట్రిక్ ఆమ్లంతోనో, మాలిక్ ఆమ్లంతోనో వస్తుంది. టార్టారిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే పండ్లు కొన్నే. వాటిలో ద్రాక్ష ఒకటి. రెండోది మన వంటింట్లో రోజూ ఉండేదే, చింతపండు.

చింతపండు గుజ్జులో పులుపుకు ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లమే. అందులో కొంత భాగం పొటాషియంతో కలిసి బైటార్ట్రేట్ రూపంలోనే ఉంటుంది. అంటే ఖట్టీ దాల్ తిన్న రోజు, పులుసు తిన్న రోజు, చారు తాగిన రోజు మనం ఈ ఉప్పును కొంత తిన్నట్టే. చింతపండుకు ఇంగ్లిష్‌లో ఉన్న టామరిండ్ అనే పేరు కూడా అరబీ 'తమర్ హిందీ' నుంచే వచ్చింది. హింద్ దేశపు ఖర్జూరం అని అర్థం.

పులియబెట్టని ద్రాక్ష రసంలో కూడా ఈ ఉప్పు కనిపిస్తుంది. చిక్కటి ద్రాక్ష రసాన్ని చాలా రోజులు చల్లగా ఉంచితే అడుగున ఇసుకలాంటి పలుకులు చేరవచ్చు. కొందరు గాజు పెంకులేమో అని భయపడతారు. చాలాసార్లు అవి ఈ ఉప్పు పలుకులే. ద్రాక్ష రసం ఫ్యాక్టరీల్లో రసాన్ని బాగా చల్లబరిచి ఈ పలుకులను ముందే తీసేయడం మామూలు పద్ధతి.

మరి శరాబ్ మాట ఎందుకు వచ్చింది?

ఈ ఉప్పుకు ఒక గుణముంది. వేడి నీళ్లలో బాగా కరుగుతుంది, చల్లటి నీళ్లలో సరిగా కరగదు. మరుగుతున్న 100 మిల్లీలీటర్ల నీళ్లలో సుమారు 6 గ్రాములు కరిగితే, మామూలు గది చల్లదనంలో అర గ్రాము పైచిలుకే కరుగుతుంది. నీళ్లలో ఆల్కహాల్ కలిస్తే ఇంకా తక్కువ.

ద్రాక్ష రసం పులిసి వైన్‌గా మారుతున్నప్పుడు ఆల్కహాల్ పెరుగుతుంది. దాంతో అప్పటిదాకా రసంలో కరిగి ఉన్న ఉప్పుకు చోటు చాలదు. అది పలుకులుగా విడిపోయి పీపా గోడలకు, అడుగుకు పట్టుకుంటుంది. ఎర్ర వైన్ అయితే ఆ పొర ఎర్రగా, తెల్ల వైన్ అయితే మాసిన తెలుపుగా ఉంటుంది. చచ్చిన ఈస్ట్, ద్రాక్ష తొక్కల ముక్కలు కూడా అందులో కలిసి ఉంటాయి. ఈ ముడి సరుకును ఆర్గోల్ అంటారు.

వైన్ కంపెనీకి ఇది కడిగి పారేయాల్సిన చెత్త. రసాయన కంపెనీకి మాత్రం ఇది చవగ్గా దొరికే ముడిసరుకు. అందుకే వైన్ ఎక్కువగా తయారయ్యే ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో ఆ పొరను గీకి, కొని, శుద్ధి చేసే వ్యాపారం పాతకాలం నుంచి నడుస్తోంది. బజారులో దొరికే సహజ టార్టారిక్ ఆమ్లం, క్రీమ్ ఆఫ్ టార్టార్ ఎక్కువగా ఈ దారిలో వచ్చినవే.

శుద్ధి చేసే పద్ధతి వినడానికి తేలికే. ముడి సరుకును వేడి నీళ్లలో కరిగిస్తారు. రంగు, మడ్డి పోయేలా వడకడతారు. మళ్లీ చల్లబరుస్తారు. తెల్లటి పలుకులు విడిగా వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. డబ్బాలోకి వచ్చేసరికి అది మత్తు కలిగించే పదార్థం కాదు, ఎండిన ఉప్పు.

ఇంకో దారి కూడా ఉంది. మలేయిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం నుంచి టార్టారిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీలో తయారు చేయవచ్చు. దానికి ద్రాక్షతోగానీ, వైన్‌తోగానీ సంబంధం ఉండదు. ఏ డబ్బా ఏ దారిలో వచ్చిందో పొడిని చూసి చెప్పలేం. తయారీదారే చెప్పాలి.

హలాల్ విషయంలో ఉలమాలు ఏమంటారు?

ఇక్కడ ఒకే మాట లేదు. ముఖ్యంగా రెండు వాదనలు వినిపిస్తాయి.

మొదటిది: ఈ ఉప్పు ద్రాక్షలో పుట్టుకతోనే ఉంది. అది ఖమ్ర్ కాదు, మత్తు ఇవ్వదు. వైన్ నుంచి విడిపోయాక కరిగించి, కడిగి, మళ్లీ గడ్డకట్టించాక వైన్ గుణమేదీ మిగలదు. కాబట్టి వాడుకోవచ్చు. పదార్థం స్వభావమే మారిపోవడాన్ని ఫిఖ్‌లో ఇస్తిహాలా అంటారు. ఈ వాదన చేసేవాళ్లలో కొందరు దాన్ని కూడా ఆధారంగా చూపిస్తారు.

రెండోది: ఎంత శుద్ధి చేసినా దీన్ని తీసింది శరాబ్ పీపా అడుగు నుంచి. ఖమ్ర్ నజిస్ అయినప్పుడు దానిలో నాని, దానితో తడిసిన మడ్డి కూడా అంతే. పైగా ఉప్పు ద్రాక్షలో ఎలా ఉందో చివరికీ అలాగే ఉంది కాబట్టి 'మారింది' అనడానికి లేదు. హనఫీ గ్రంథాల్లో ఖమ్ర్ అడుగుమడ్డిని, అంటే దుర్దీని, తాగడం మక్రూహ్ అన్న చర్చ కూడా ఉంది. కాబట్టి దూరంగా ఉండటమే ఎహతియాత్ అని వీళ్లంటారు.

సిర్కా ఉదాహరణ తీసుకుంటే ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. ఖమ్ర్ దానంతట అదే సిర్కాగా మారితే హలాల్ అన్న విషయంలో మజ్‌హబ్‌ల మధ్య పేచీ లేదు. మనిషి ఏదో కలిపి మార్చితే మాత్రం హనఫీలు ఒప్పుకుంటారు, షాఫయీలు ఒప్పుకోరు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీలే అయినా, హైదరాబాద్ బార్కస్ లాంటి చోట్ల షాఫయీ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఒకే ఊళ్లో ఇద్దరికి వేర్వేరు జవాబులు వచ్చాయంటే ఎవరో ఒకరు తప్పు చెప్పారని అనుకోవాల్సిన పని లేదు.

హలాల్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలన్నీ కూడా ఒకే కొలత పాటించవు. కొన్ని శుద్ధి చేసిన ఉప్పును ఒప్పుకుంటాయి, కొన్ని ముందు ముడిసరుకు ఎక్కడిదని అడుగుతాయి. ఈ వ్యాసం ఫత్వా కాదు. మీ మజ్‌హబ్ తెలిసిన, మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌ను అడగండి. అడిగేటప్పుడు "కేక్ పౌడర్ హలాలేనా?" అని కాకుండా, "ద్రాక్షలో సహజంగా ఉండే ఉప్పు వైన్ పీపాలో పేరుకుంటే, దాన్ని కరిగించి శుద్ధి చేసి అమ్ముతున్నారు, వాడొచ్చా?" అని అడగండి. అసలు విషయం తెలిస్తేనే వారు సరైన జవాబు ఇవ్వగలరు.

లేబుల్ మీద ఏం చూడాలి?

మన దేశంలో ప్యాకెట్ల మీద ఆహార కలుపుళ్లను ఐఎన్‌ఎస్ నంబర్లతో రాస్తారు. ఈ ఖాందాన్ నంబర్లు గుర్తుపెట్టుకోవడం తేలికే.

334 అంటే టార్టారిక్ ఆమ్లం.
335 అంటే సోడియం టార్ట్రేట్లు.
336 అంటే పొటాషియం టార్ట్రేట్లు. క్రీమ్ ఆఫ్ టార్టార్ ఇందులోదే.
337 అంటే పొటాషియం సోడియం టార్ట్రేట్, అదే రొషెల్ సాల్ట్.

విదేశాల నుంచి తెచ్చిన ప్యాకెట్ల మీద ఇవే అంకెల ముందు 'ఈ' అని ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువులు తెచ్చిన చాక్లెట్లు, బిస్కెట్ల మీద ఈ336 కనిపిస్తే అది ఇదే.

పచ్చ చుక్క సంగతి చాలామంది పొరబడేది. ఆ చుక్క మాంసం, చేప, గుడ్డు లాంటివి లేవని మాత్రమే చెబుతుంది. వైన్ నుంచి వచ్చిందా లేదా అన్నది దాని పరిధిలో లేదు. కాబట్టి పచ్చ చుక్క చూసి 'హలాల్' అనుకోకూడదు, 336 చూసి వెంటనే 'హరామ్' అని పారేయనూ కూడదు. కావాలంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు రెండు ప్రశ్నలు రాయండి: ముడిసరుకు వైన్ మడ్డా, ద్రాక్ష రసమా, రసాయన తయారీయా? హలాల్ సర్టిఫికెట్ ఉంటే ఎవరిచ్చారు? అమ్మకం కోసం వండేవాళ్లు ఆ జవాబును ఫోన్‌లో దాచుకుంటే, కస్టమర్ అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

వంటింట్లో దీని పని ఏమిటి?

ఒకటి, కేక్ పొంగించడం. వంట సోడా ఒక క్షారం. దానికి పులుపు తగిలితేనే బాగా గ్యాస్ వస్తుంది. క్రీమ్ ఆఫ్ టార్టార్ ఆ పులుపును పొడి రూపంలో ఇస్తుంది. పొడిగా ఉన్నంతసేపు రెండూ మౌనంగా ఉంటాయి, తడి తగలగానే పని మొదలుపెడతాయి. రెండు పాళ్లు ఇది, ఒక పాలు వంట సోడా కలిపితే ఇంటి బేకింగ్ పౌడర్ తయారైనట్టే. బజారులో దొరికే అన్ని బేకింగ్ పౌడర్లలో మాత్రం ఇది ఉండదు. ఫాస్ఫేట్ ఉప్పులు వాడే రకాలు చాలా ఉన్నాయి. లేబుల్ చూస్తే తెలుస్తుంది.

రెండు, గుడ్డు తెల్లసొన నురగ నిలబెట్టడం. పులుపు తగిలిన తెల్లసొన నురగ తొందరగా కూలిపోదు. ఒక గుడ్డు తెల్లసొనకు చిన్న చెంచాలో ఎనిమిదో వంతు చాలు.

మూడు, పాకం గడ్డకట్టకుండా చూడటం. పులుపుతో ఉడికితే చక్కెరలో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఆ కలగాపులగంలో పలుకులు కట్టడం కష్టం. గులాబ్ జామూన్ పాకంలో మన ఇళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండేది కూడా ఇందుకే.

నాలుగు, రాగి, ఇత్తడి తోమడం. దావత్‌లో వాడిన రాగి దేగ్‌ను చింతపండు, ఉప్పు వేసి తోమితే ఎందుకు మెరుస్తుంది? పులుపు పైనున్న నల్లటి పొరను కరిగిస్తుంది, టార్ట్రేట్ కరిగిన రాగిని పట్టుకుని ఉంచుతుంది. విదేశాల్లో క్రీమ్ ఆఫ్ టార్టార్ ముద్దతో చేసే పనిని మన నానీ, దాదీలు చింతపండుతో చేశారు.

ఇది లేకుండా కేక్ రాదా?

తప్పకుండా వస్తుంది. అనుమానం ఉన్న వస్తువును వదిలేయాలనుకునేవాళ్లకు దారులు ఇంట్లోనే ఉన్నాయి.

తెల్లసొన నురగకు క్రీమ్ ఆఫ్ టార్టార్ ఎంత చెప్పారో దానికి రెట్టింపు నిమ్మరసం వేయండి. పాకంలో కూడా అంతే.

ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్ బదులు పావు చెంచా వంట సోడా, అర కప్పు పుల్లటి పెరుగు సరిపోతాయి. పెరుగు వేసిన మేరకు పాలు, నీళ్లు తగ్గించుకోవాలి. పిండి కలిపాక ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టాలి, లేదంటే గ్యాస్ గిన్నెలోనే పోతుంది.

పులుపుకు చింతపండు కూడా ఉంది కదా అనిపిస్తుంది. కానీ దాని రంగు, వాసన కేక్‌కు పనికిరావు. కేక్‌కు నిమ్మ, పెరుగే మేలు.

ఆరోగ్యం పేరుతో తాగకండి

వీడియోల్లో ఇంకో ప్రచారం నడుస్తోంది. క్రీమ్ ఆఫ్ టార్టార్ నీళ్లలో కలుపుకుని తాగితే ఒళ్లు శుభ్రమవుతుందని, సిగరెట్ అలవాటు పోతుందని, మలబద్ధకం తగ్గుతుందని చెబుతున్నారు. ఇది హలాల్ చర్చ కంటే తొందరగా తెలుసుకోవాల్సిన విషయం.

ఈ ఉప్పు బరువులో దాదాపు ఐదో వంతు పొటాషియమే. చిన్న చెంచాడు 3 గ్రాములు అనుకుంటే 600 మిల్లీగ్రాముల పొటాషియం పైనే ఒక్కసారి లోపలికి వెళుతుంది. ఒక అరటిపండులో ఉండేది సుమారు 400. మనిషి ఆరు అరటిపండ్లు ఒక్కసారి తినలేడు కానీ నాలుగు చెంచాల పొడి గ్లాసు నీళ్లలో కలిపి తాగేయగలడు. రక్తంలో పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. కడుపు శుభ్రం కావాలని దీన్ని ఎక్కువగా తీసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్న ఇద్దరి కేసులు 2013లో అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. ఆసుపత్రిలో చికిత్స దొరికింది కాబట్టి బతికారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లు దీన్ని మందులా అస్సలు తీసుకోవద్దు. ఈ మందులు ఒంట్లో పొటాషియంను నిలబెడతాయి. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఈ మాత్రల మీదే ఉన్నారు. కేక్ ముక్కలో ఉండే చిటికెడుకు, గ్లాసులో కలిపిన చెంచాలకు చాలా తేడా ఉంది.

అదే ఖాందాన్‌లో ఇంకో ఇద్దరు

రొషెల్ సాల్ట్ పేరు ఇంటర్ పిల్లలకు ల్యాబ్‌లో ఎదురవుతుంది. ఫెహ్లింగ్ ద్రావణం రెండో సీసాలో ఉండేది ఇదే. దేగ్ తోమినప్పుడు జరిగిందే అక్కడా జరుగుతుంది. రాగిని టార్ట్రేట్ పట్టుకుని అడుగుకు పడిపోకుండా ఆపుతుంది. గ్లూకోజ్ తగిలి వేడి చేస్తే ఇటుక రంగు వస్తుంది. ఒకప్పుడు మూత్రంలో చక్కెర ఉందో లేదో ఇలాగే చూసేవారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లా రొషెల్ పట్నంలో పియర్ సెయిన్యెట్ దీన్ని విరేచనాల మందుగా తయారు చేశాడు. ఆ ఊరి పేరే ఉప్పుకు వచ్చింది. 1880లో పియర్ క్యూరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు దీని స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని చూపించారు. తర్వాత పాతకాలపు మైకులు, గ్రామఫోన్ పికప్‌లు దీనితో చేశారు. చెమ్మ తగిలితే పాడైపోవడంతో వేరే పదార్థాలు దాని చోటు తీసుకున్నాయి.

రెండోది టార్టార్ ఎమెటిక్, అంటే పొటాషియం ఆంటిమొనీ టార్ట్రేట్. పేరు దగ్గరగా ఉన్నా ఇది విషం. 1915లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ దీన్ని కాలా అజార్ జ్వరానికి ఇచ్చారు. జబ్బు తగ్గినా మందు బాధ భరించలేనిదిగా ఉండేది. అదే ఊళ్లో డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920ల మొదట్లో అంతకంటే మెరుగైన యూరియా స్టిబమైన్ తెచ్చాక దీని అవసరం తగ్గింది. వంటింటి సరుకుతో దీనికి ఏ సంబంధమూ లేదు. పేరు చూసి ఆన్‌లైన్‌లో తప్పు సీసా మాత్రం ఆర్డర్ చేయకండి.

మళ్లీ ఆ మెసేజ్ దగ్గరికి

ఆర్డర్ ఇచ్చిన కస్టమర్‌కు జవాబు ఇలా చెప్పవచ్చు: "ఇది ద్రాక్షలో ఉండే ఉప్పు. ఎక్కువగా వైన్ పీపాల నుంచి తీసి శుద్ధి చేస్తారు. ఇందులో మత్తు ఉండదు. ఉలమాలలో రెండు మాటలున్నాయి. మీకు అభ్యంతరమైతే నిమ్మరసంతో చేసి ఇస్తాను." ఈ నాలుగు ముక్కల్లో దాచిందీ లేదు, భయపెట్టిందీ లేదు. తినేవాళ్లకు నిజం తెలుస్తుంది, తేల్చుకునే హక్కు వాళ్ల దగ్గరే ఉంటుంది.